అట

తెలుగులో రెండే రెండక్షరాల అవ్యయం ఒకటి ఉంది: 'అట'. వాక్యం చివర ఒదిగి కూర్చుంటుంది కాని, అది చేసే పని సామాన్యమైనది కాదు. "వాన వస్తుంది" అన్నవాడు ఆ వానకు పూచీ పడుతున్నాడు. "వాన వస్తుందట" అన్నవాడు ఆ పూచీని మరొకరి మీద పెట్టి తాను తప్పుకొంటున్నాడు. ఆ మరొకరెవరో అతడు చెప్పడు, మనమూ అడగం. సంస్కృతంలో 'వదంతి' అంటే 'చెబుతున్నారు' అని అర్థం. ప్రథమపురుష బహువచనం. చెప్పేవారు ఎప్పుడూ 'వారే', ఎప్పుడూ అనేకులే. ఆ క్రియాపదమే మనకు పుకారుకు పేరై నిలిచింది.

ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ప్రాంతంలోనూ, ఆ తరువాత కరీంనగరంలోనూ తెలుగు పండితుడిగా పనిచేసిన ముప్పయ్యేళ్ళలో ఈ సంగతి ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. అటువంటి నేనే ఒకనాడు ఆ 'అట'ను జారవిడిచాను. రాబోయే ఒక చరవాణి విషయంలో. మిత్రులతో చెప్పుకొంటే బరువు తగ్గుతుందేమోనని ఈ టపా.

ముందు 2016 ఫిబ్రవరి సంగతి చెప్పాలి. 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను ఇస్తామని నోయిడా కంపెనీ ఒకటి ప్రకటించింది. పేరు ఫ్రీడమ్ 251. ఫిబ్రవరి 18న పొద్దున ఆరింటికి బుకింగు మొదలు. మా వీధి పిల్లలు రాత్రంతా నిద్రపోలేదు. దేశమంతా ఒక్కసారిగా మీద పడేసరికి ఆ సైటు కుప్పకూలింది. టవర్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ నన్నడిగిన వారందరికీ ఒకటే మాట చెప్పాను: "251 రూపాయలకు మంచి చొక్కా కూడా రాదు, ఫోనెక్కడిదిరా!" చివరికి ఆశపడ్డవారిలో చాలామందికి ఆ ఫోను చేరనే లేదు. "సారు ముందే చెప్పిండు" అన్న పేరు మాత్రం నాకు మిగిలింది.

మరుసటి యేడు, 2017 జూలై 21న, రిలయన్స్ వారి వార్షిక సమావేశంలో జియోఫోన్ ప్రకటన వెలువడింది. 1,500 రూపాయలు డిపాజిట్ కడితే ఫోను, మూడేళ్ళ తరువాత ఆ డబ్బు వాపసు. ఈసారి నేను "వస్తుంది, చూడండి" అన్నాను. వచ్చింది. రెండుసార్లు నా మాట నిలబడటంతో వీధిలో నాకొక హోదా వచ్చింది. హోదా వచ్చినవాడికి మొదట పోయేది జాగ్రత్త.

ఇక అసలు కథ. 2021 జూన్ 24న అదే సంస్థ సమావేశంలో, గూగుల్‌తో కలిసి తయారు చేస్తున్న జియోఫోన్ నెక్స్ట్‌ను ప్రకటించారు. వినాయక చవితికి, అంటే సెప్టెంబరు 10కి, విడుదల అన్నారు. ధర చెప్పలేదు. ధర చెప్పకపోవడం కంటే పుకారుకు మంచి ఎరువు మరొకటి లేదు. 3,499 రూపాయలట. కాదు, అయిదు వేలట. కాదు కాదు, అయిదు వందలు చేతిలో పెట్టి తీసుకుపోవచ్చట, మిగతాది వాయిదాలట. ప్రతి వాక్యం చివరా 'అట' భద్రంగా ఉన్నది. వ్యాకరణం ఎక్కడా తప్పలేదు.

ఆ ప్రకటనలో నన్ను పట్టుకొన్నది ధర కాదు. తెరమీది అక్షరాలను ఆ ఫోను మన భాషలోనే పైకి చదివి వినిపిస్తుందన్నారు. అప్పటికి నా కుడికంటిలో శుక్లం ముదురుతున్నది. జీవితమంతా పదిమందికి చదివి వినిపించినవాడికి, తనకు చదివి వినిపించే గొంతు ఒకటి దొరుకుతుందంటే ఎంత ఆశ కలుగుతుందో మీరు ఊహించుకోండి. పత్రికల్లో ఆ వార్త ఎక్కడ కనబడినా భూతద్దం పెట్టి చదివేవాణ్ణి.

జూలైలో ఉట్నూరు నుండి నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. దర్జీ పని చేసుకొంటాడు. జన్నారం, లక్షెట్టిపేట దారిన వచ్చి, కరీంనగరంలో లైనింగు గుడ్డ కొనుక్కొని, నన్ను చూసిపోవడం అతని అలవాటు. కూతురు గురుకుల పాఠశాలలో పదో తరగతి. కరోనా మూలంగా హాస్టలు మూసివుంది. ఆ జూలై 1 నుండి మళ్ళీ ఆన్‌లైను తరగతులు. దూరదర్శన్‌లో, టీశాట్‌లో పాఠం వస్తుంది గాని, వర్క్‌షీట్లూ సందేహాలూ అన్నీ వాట్సాప్‌లోనే.

"మాస్కులు కుట్టి ఆరువేలు జమ చేసిన సార్. ఉట్నూర్ల ఒక ఫోన్ చూసి పెట్టిన. 5,800 చెప్పిండు. తీస్కోనా? మళ్ల చవితికి కొత్తది వస్తదట గద?"

చూశారా, ఏడో తరగతి దాటని ఆ మనిషి 'అట'ను సరైన చోటనే వాడాడు. పండితుణ్ణి, నేను చెప్పిన సమాధానం ఇది: "వస్తుంది. సగం ధరకే వస్తుంది. రెండు నెలలు ఆగు బిడ్డా."

వస్తుందట అనే పదాన్ని వస్తుంది, అట అని విడదీయడం పిల్లలకు నేర్పినవాణ్ణి. ఆ రోజు విడదీసి, రెండో పదాన్ని పారేశాను. నా కంటికి కావలసిన ఫోనును అతని కూతురి చదువుకు సలహాగా ఇచ్చాను.

"మీరు చెప్పినంక ఇగ ఆలోచనేంది సార్" అని వెళ్ళిపోయాడు.

ఆగస్టు గడిచింది. సెప్టెంబరు 1న బడులు తెరిచారు గాని, ఉన్నత న్యాయస్థానం ఆదేశంతో గురుకులాలు మూసే ఉన్నాయి. చవితినాడు పూజకు పత్రి సర్దుకొంటూ ఉండగా వార్త తెలిసింది: ప్రపంచమంతటా చిప్పుల కొరత ఉంది, ఫోను దీపావళికి వస్తుంది. ఆ సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. "రాలేదట గద సార్." గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని తరువాత చాలాసార్లు అనుకొన్నాను.

"ఇప్పుడైనా ఆ షాపులోది కొను" అన్నాను. అమ్మకు జ్వరమొచ్చి ఆసుపత్రికి రెండువేలు అయ్యాయన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "దీపావళి ఎంత దూరం సార్, ఆగుదాం." నేను అంటించిన ఆశ నాకంటే గట్టిగా అతన్ని పట్టుకొన్నది.

అక్టోబరులో గురుకులాలు తెరిచారు, పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయింది. నవంబరు 4న, దీపావళినాడు, ఫోను వచ్చింది. ధర 6,499. వాయిదాలైతే ముందుగా 1,999 కట్టాలి. సగం ధరకు వస్తుందని నేను ఆపిన ఫోను, జూలైలో అతని చేతిలో ఉన్న ఆరువేల కంటే 499 ఎక్కువ. ఎవరికోసం ఆగాడో ఆ పిల్లకు అప్పటికి దానితో పని లేదు.

2022లో పది ఫలితాలు వచ్చాక తండ్రీ కూతుళ్ళిద్దరూ మిఠాయి తీసుకొని మా ఇంటికి వచ్చారు. పిల్ల ఉత్తీర్ణురాలైంది. తెలుగులో మంచి గ్రేడు, గణితంలో అన్నిటికంటే తక్కువ. ఎంపీసీ చదవాలని ఉండేదట, సీఈసీలో చేరుతున్నదట. ఎందుకమ్మా అంటే, తల వంచుకొని చెప్పింది: "ఆ మూడు నెలల లెక్కలు నడుమల తెగినయి సార్. పక్క గూడెంల దోస్తు వాళ్ల అన్న పని నుంచి వస్తేనే ఫోను దొరికేది. ఎక్కాలె, రాసుకోవాలె, చీకటి పడకముందే రావాలె. తర్వాత ఎంత చేసినా అతకలే."

ఫోను ఉండి ఉంటే గణితం వచ్చి ఉండేదని నేను రూఢిగా అనలేను. ఉట్నూరు గూడేల్లో సిగ్నలు సంగతి నాకు తెలియనిది కాదు. కాని లేకుండా చేసినవాణ్ణి నేనే కనుక, ఆ సందేహం నాకు సాకుగా పనికిరాదు. "తప్పు నాదేనమ్మా, నేనే ఆపాను" అన్నాను. తండ్రి గబుక్కున లేచి నా చేతులు పట్టుకొన్నాడు. "గట్లనకుండ్రి సార్, మీరు మా మంచికే చెప్పిండ్రు." పిల్ల ఏమీ అనలేదు.

తరువాత నా కంటికి శస్త్రచికిత్స జరిగింది. మా అబ్బాయి కొనిచ్చిన ఫోను ఇప్పుడు తెలుగు చదివి వినిపిస్తుంది, ఒత్తులు కూడా బాగానే పలుకుతుంది. ఒక్కటే లోపం. 'వస్తుంది' అన్నా, 'వస్తుందట' అన్నా దాని గొంతు ఒకటే. ఆ 'అట' దగ్గర మనిషి గొంతు కొంచెం తగ్గుతుంది చూడండి, అది దానికి తెలియదు. ఆ జూలైలో నాకూ తెలియలేదు.

ఇప్పటికీ ఏటా ఏదో ఒక ఫోను 'వస్తుందట'. వీధి పిల్లలు "కొనాల్నా, ఆగాల్నా సార్?" అని అడుగుతూనే ఉంటారు. అవసరం ఎప్పటిదని తిరిగి అడుగుతాను. ఇవాళ్టిదంటే ఇవాళే కొనమంటాను. మిగతా వాటన్నిటికీ నా దగ్గర రెండక్షరాలే ఉన్నాయి.