కృష్ణ చివర నుంచి అక్కయ్యకు

బందరు, శనివారం రాత్రి

అక్కయ్యా,

బావగారు పెరూ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఏ ఊరి మాటొచ్చినా మాచుపిచ్చుతోనే తూకం వేస్తున్నారు. రోబో సినిమాలో కిలిమంజారో పాట తీసిన కొండ కదా, కాదనలేం. పిల్లల్ని తీసుకుని కృష్ణ చివరిదాకా వెళ్దామని నువ్వంటే, "బందరులో చూడ్డానికేముంది?" అని ఒక్క మాటలో తీసిపారేశారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ఉత్తరాలు. చూడక్కర్లేనివి కూడా మొహమాటం లేకుండా రాస్తాను.

మంగినపూడి బీచి మామూలు బీచే. ఇసుక నల్లగా ఉంటుంది, నీళ్ళు పెద్ద లోతుండవు. సాయంత్రం గాలికి బావుంటుంది గానీ కర్నూలు నుంచి దానికోసమే రానక్కర్లేదు. చిలకలపూడిలో పాండురంగడి గుడి, రోల్డ్ గోల్డ్ నగల దుకాణాలు పక్కపక్కనే. పెద్దమ్మ గుడికి వెళ్తుంది, వదిన దుకాణాలకి వెళ్తుంది, ఇద్దరికీ ఒకే ఆటో చాలు.

బందరుకోట మాత్రం తప్పకుండా చూడాలి. గోల్కొండ నవాబుల ఓడరేవు ఇది. డచ్చివాళ్ళు ముందొచ్చారు, 1611లో ఇంగ్లీషు కంపెనీ వచ్చింది, తర్వాత ఫ్రెంచివాళ్ళు. 1759లో కల్నల్ ఫోర్డు రాత్రివేళ కోట మీద పడి ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి లాక్కున్నాడు. ఇంత చరిత్రకి ఇప్పుడు మిగిలింది కాసిని గోడలు, డచ్చివాళ్ళ సమాధులు. ఆ రాతిపలకల మీద వంశచిహ్నాలు ఎంత లోతుగా చెక్కారంటే, ఇన్నేళ్ళ ఉప్పుగాలికీ అరగలేదు. ఎక్కడో చలిదేశంలో పుట్టి, మన గుడ్డలు బేరమాడడానికి వచ్చి, ఇక్కడి మట్టిలో కలిసినవాళ్ళు.

రేవు ఏమైందని పిల్లలు అడుగుతారు. మేటలు వేసి ఓడలు దూరమయ్యాయి, పెద్ద రేవులు వేరేచోట లేచాయి. దానిమీద 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది. ముప్ఫై వేలమంది పోయారని లెక్క. బందరు మళ్ళీ ఆ పాత బందరు కాలేదు. అయినా ఊరు చేతులు ముడుచుకుని కూచోలేదు. కృష్ణాపత్రిక ఇక్కడిదే, 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఇక్కడే. ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు.

అసలు చూడాల్సింది పెడన. బందరుకి పొరుగూరే. మనం చీరల కొట్లో కలంకారీ అని కొనేదాని వెనక పని చూస్తే బేరం ఆడబుద్ధి కాదు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టి ఆరేస్తారు. ఇనపముక్కలు బెల్లంనీళ్ళలో ఊరేసి చేసిన రసం అద్దితే, కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు సంగతి వింత. టేకు అచ్చుతో అద్దేది పటిక. అద్దినప్పుడు కనపడీ కనపడనట్టుంటుంది. నేను గుడ్డ మీదికి వంగి చూస్తుంటే అద్దకం పనాయన నవ్వి, "ఇప్పుడు కనపడదండీ, ఉడకబెట్టాక చూడండి" అన్నాడు. రంగుచెక్కతో కలిపి రాగి బానలో ఉడికిస్తే అప్పుడు పటిక పడినచోటల్లా ఎరుపు తేలుతుంది. పూర్వం దీనికి ఈ తీరపు ఇసకనేలల్లో దొరికే చిరివేరు వాడేవారు. పర్షియాకి ఓడలెక్కిన గుడ్డ ఎరుపు అదే. అందుకే అచ్చుల్లో ఈనాటికీ పర్షియా తీగలూ పూలూ తిరుగుతున్నాయి.

ప్రతి దశకీ పారే నీళ్ళు కావాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే పని కష్టమవుతుంది కాబట్టి కాలువలు పారే నెలల్లోనే రండి. కొనేటప్పుడు ఒక్కటి చూడు: అచ్చుకీ అచ్చుకీ అతుకు దగ్గర గీత కాస్త తప్పాలి. మరీ తీరుగా ఉంటే అది స్క్రీన్ ప్రింటు.

లడ్డు కొన్నాను. శనగపిండి పూస వేయించి, దంచి, బెల్లం పాకంలో నేతితో చేసే తొక్కుడు లడ్డు. బావగారి షుగరు సంగతి నువ్వే చూసుకో.

గుడివాడ, సోమవారం

అక్కయ్యా,

గుడివాడ చూసే ఊరు కాదు, బస్సు మారే ఊరు. పాత బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది గానీ, చదువుకుని వచ్చినవాళ్ళకే అది స్తూపం, మిగతావాళ్ళకి మట్టి. అయితే ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఏ నీళ్ళు తాగారో! చౌటపల్లిలో ఘంటసాల, నిమ్మకూరులో రామారావు, రామాపురంలో నాగేశ్వరరావు, ముగ్గురూ రెండేళ్ళ తేడాలో పుట్టారు. తెలుగు సినిమా ఒక తరం పాటు ఈ చుట్టుపక్కల పొలాల మీద బతికిందంటే అతిశయోక్తి కాదు.

పామర్రు మీదుగా కూచిపూడి వెళ్ళాను. పొద్దున్నే వెళ్ళాలి. కళాపీఠంలో పిల్లలు అడుగులు వేస్తున్నప్పుడు నట్టువాంగం చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. సిద్ధేంద్రయోగి భామాకలాపం కట్టింది మగవాళ్ళు ఆడడానికి. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా జడ ముందుకు వేసుకుంటే ఆడవాళ్ళే అసూయపడేవారట. ఇప్పుడు అరుగుల మీద నేర్చుకుంటున్నది ఎక్కువగా ఆడపిల్లలు. మంచి మార్పే, కానీ ఆ స్త్రీవేషం విద్య చివరి గురువులతోనే పోకూడదని నా మనసు. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి గుడి. కలిపి చూసేయొచ్చు.

అవనిగడ్డ, బుధవారం

అక్కయ్యా,

దివిసీమలోకి వచ్చాను. దారిలో ఘంటసాల అనే ఊళ్ళో దిగాను. సున్నపురాతి శిల్పాలు చిన్న మ్యూజియంలో పెట్టారు. (శుక్రవారం సెలవు, గుర్తుంచుకో.) రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళకారుడు టాలెమీ కొంటకొస్సిల అని రాసుకున్న రేవు ఇదేనంటారు. ఇప్పుడు మేడెక్కినా సముద్రం కనపడదు. మన కర్నూలు వైపు నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రే మేటవేసి ఈ రేవుని పూడ్చి పొలం చేసింది. మాచుపిచ్చుని అడవి కప్పేసిందని బావగారు చెబుతారు కదా, ఇక్కడ ఆ పని నది చేసింది.

అక్కడికి దగ్గర్లోనే ఒడ్డున శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. రాయలవారు కళింగ దండయాత్రకు పోతూ ఆగితే ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఈ గుడిలోనే. తర్వాతి కాలంలో కాసుల పురుషోత్తమకవి ఇదే దేవుణ్ణి శతకం నిండా దెప్పిపొడిచాడు. ఒకే గుడిలో ఒకరు ఆజ్ఞ తీసుకుంటే ఇంకొకరు నిలదీశారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గర జనం ఎప్పుడూ ఉంటారు. చిన్నవాడి చెవులు అక్కడే కుట్టించేయొచ్చు.

పులిగడ్డ అక్విడక్టు దగ్గర బస్సు దిగి నడువు. కింద కృష్ణపాయ, పైన కాలువ. పక్కన నది ఉన్నా, పై నుంచి కాలువ నీళ్ళొస్తేనే ఈ సీమకి పంట. నది నీళ్ళు ఇక్కడికొచ్చేసరికి ఉప్పన.

నాగాయలంక, శుక్రవారం

అక్కయ్యా,

ఇక్కడ కాలం రెండు ముక్కలు. ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత. 1977 నవంబరు 19. సొర్లగొంది, నాలి లాంటి ఊళ్ళ మీదికి అల వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన వయసు చెప్పడానికి కూడా, "ఉప్పెనప్పుడు నేను ఆరో క్లాసు" అన్నాడు. పిల్లలకి ముందే చెప్పు, ఎవర్నీ ఉప్పెన గురించి గుచ్చి అడగొద్దని. వాళ్ళంతట వాళ్ళు చెబితే కూచుని వినాలి.

ఆ అల బలాన్ని కొంతైనా తగ్గించగలిగేవి మడ అడవులు. పడవ మీద పాయల్లోకి వెళ్తే రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటిమధ్య పీతలు. బావురుపిల్లి ఉంటుంది, కనపడదు. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కితే ఎదురుమొండి దీవికి చేరుస్తుంది. మోటారు సైకిళ్ళు, ఎరువుల బస్తాలు, పెళ్ళివారు అందరూ ఒకే పంటులో.

రొయ్యల చెరువులు లేని వైపు లేదు. బావగారికి ఇది చెప్పు: ఈ చెరువుల్లోని వెనామీ రొయ్య మనది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. 2009 ప్రాంతంలో దాన్ని మన దేశంలోకి అనుమతించారు. ఆయన చూసొచ్చిన దేశపు తీరంలో పుట్టిన రొయ్యే ఇక్కడి రైతుల అప్పూ లాభమూ నిర్ణయిస్తోంది.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనమయ్యాక పాలకాయతిప్ప దాటి ఇసకలో పోతే సాగరసంగమం. సంగమేశ్వరంలో కృష్ణలో తుంగభద్ర కలవడం మనం చూశాం. ఆ రెండు నదుల నీళ్ళు ఇక్కడ సముద్రంలో కలుస్తాయి. ప్రకాశం బ్యారేజి గేట్లెత్తే వానాకాలంలో మాత్రమే ఎర్రనీళ్ళు దండిగా వస్తాయి, మిగతా కాలం పోటుకి సముద్రమే పాయల్లోకి ఎదురెక్కుతుంది. జలపాతమూ లేదు, కొండా లేదు. మాచుపిచ్చు కాదు కాబట్టే ఇక్కడ తొందర పనికిరాదు. ఒక పూట మొత్తం ఉంచు.

రోజులు తక్కువైతే గుడివాడ వదిలెయ్యి, మంగినపూడి వదిలెయ్యి. పెడన, ఘంటసాల, హంసలదీవి వదలొద్దు. నవంబరులో మాత్రం రావద్దు, ఈ తీరం రెండుసార్లు మునిగింది ఆ నెలలోనే. సంక్రాంతి సెలవులకి రండి. కాలువల్లో నీళ్ళుంటాయి, కోతలయి ఉంటాయి. బావగారి టిక్కెట్టు కూడా తీయించు.

నీ తమ్ముడు