అలలు లేని రేవుపట్నం

విశాఖపట్నంలో రాత్రివేళ కోర్బా బండి ఎక్కిన ప్రయాణికుడు మరునాటి ఉదయం కన్ను తెరిచేసరికి సముద్రం బహుదూరం వెనుకబడి ఉంటుంది. పార్వతీపురం, రాయగడ కొండలు చీకటిలోనే దాటిపోతాయి. రాయపూర్ వదిలిన తరువాత కిటికీకి రెండు వైపులా వరిచేలు, చెరువులు, చెట్ల నీడన పెంకుటిళ్ళు. ఆ సమతల భూమి నడుమ ఉన్నట్టుండి రెండు పట్టాలు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి, చివరకు లెక్కకు అందని ఇనుపదారులుగా విచ్చుకుంటాయి. వాటిమీద బొగ్గు నింపుకున్న గూడ్సు బండ్లు వరుసగా నిలిచి తమ వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. బిలాస్‌పూర్ వచ్చిందన్నమాట.

బండి దిగిన తెలుగువాని చెవిని హిందీ పడుతుంది, ఛత్తీస్‌గఢీ పడుతుంది. అయిదు నిమిషాలు ఓపికగా నిలబడితే, రద్దీలో ఏదో ఒక మూలనుండి శ్రీకాకుళం, విజయనగరం యాసలో "ఏటి బాబూ, ఎప్పుడొచ్చినావు?" అన్న పలకరింపు కూడా వినిపించవచ్చు. సముద్రానికి బహుదూరాన ఉన్న ఈ ఊళ్ళో ఉత్తరాంధ్ర యాస ఎందుకు వినిపిస్తున్నదో తెలుసుకొంటే, బిలాస్‌పూర్ చరిత్రలో సగం తెలిసినట్టే.

మన తీరాన విక్టోరియా రాణి కాలంలో వెలిగిన రేవుపట్నాలు కొన్ని ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన భీమునిపట్నం అందులో ఒకటి. అమెరికాలో అంతర్యుద్ధం సాగినన్నాళ్ళు ప్రత్తి ఎగుమతితో కళకళలాడిన కాకినాడ మరొకటి. గిడ్డంగులు, గడియార స్తంభం, దీపస్తంభం, తెల్లదొరల సమాధులు అక్కడ చూడదగినవి. వాటికన్న గమనించదగినది ఆ ఊళ్ళ స్వభావం. రేవు అన్నది ఎవరి సొంత ఊరూ కాదు. అక్కడికి కొందరు బ్రతుకుతెరువు కోసం దిగుతారు, కొందరు అక్కడినుండి ఎక్కి వెళ్ళిపోతారు. దిగినవారి సంతతి మిగులుతుంది. వెళ్ళినవారి జాడ మిగలదు.

బిలాస్‌పూర్‌కు సముద్రం లేదు. స్వభావం మాత్రం అచ్చంగా రేవుదే.

ఊరి పుట్టుక కూడా నీటి ఒడ్డునే జరిగింది. సుమారు నాలుగు వందల ఏండ్ల నాడు అర్పా నది గట్టున పడవలు నడిపి, చేపలు పట్టే కేవటుల పల్లె ఒకటి ఉండేదనీ, ఆ కులానికి చెందిన బిలాసా అనే సాహసవంతురాలి పేరనే ఈ ఊరు వెలసిందనీ ఐతిహ్యం. రాణులపేరిట, రాజులపేరిట వెలసిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒక బెస్త స్త్రీ పేరు మోస్తున్న మహానగరం అరుదు. 2021లో ఇక్కడ విమాన సర్వీసులు ప్రారంభమైనప్పుడు విమానాశ్రయానికి కూడా ఆమె పేరే పెట్టారు.

అయితే పూర్వం ఈ ప్రాంతానికి రాజధాని బిలాస్‌పూర్ కాదు. ఉత్తరాన ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్‌లో కలచూరి రాజులు ఏలుబడి సాగించారు. నేటికీ అక్కడి మహామాయా దేవాలయానికి యాత్రికులు తండోపతండాలుగా వెళ్తారు. 1854లో నాగపూర్ రాజ్యం ఆంగ్లేయుల వశమైంది. 1861లో బిలాస్‌పూర్ జిల్లా కేంద్రమైంది. అప్పటికీ అది నదీతీరపు చిన్న ఊరే. దాని జాతకాన్ని తిరగవ్రాసింది రైలు.

విక్టోరియా రాణి స్వర్ణోత్సవం జరిగిన 1887వ సంవత్సరంలోనే బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. బి.ఎన్.ఆర్. అన్న మూడక్షరాలు ఉత్తరాంధ్రలో ఒక తరానికి అన్నం పెట్టిన అక్షరాలు. నాగపూర్ నుండి రాజనందగావ్ వరకు అప్పటికే ఉన్న మీటర్ గేజి మార్గాన్ని కంపెనీ తీసుకొని బ్రాడ్ గేజిగా మార్చింది. దానిని తూర్పుగా బిలాస్‌పూర్ మీదుగా పొడిగించి, 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు చేర్చింది. కట్నీ వైపు కొండలెక్కే శాఖ కూడా బిలాస్‌పూర్ దగ్గరే విడిపోయింది. 1900లో ఖరగ్‌పూర్ మీదుగా హౌరాకు దగ్గరి దారి కలిసింది. పదేళ్ళలో బెస్తపల్లె పెద్ద జంక్షను అయింది.

పాత ఊరికి దూరంగా, పట్టాల వెంబడి, కంపెనీవారు మరొక ఊరు కట్టారు. తిన్నని వీధులు, వాటికి ఇరువైపులా పెద్ద చెట్లు, దొరలకు విశాలమైన బంగళాలు, గుమాస్తాలకు చిన్న ఇళ్ళు, కూలీలకు గదుల వరుసలు. ఇంటి కొలతను బట్టి మనిషి హోదా తెలిసేది. నేటికీ రైల్వే ప్రాంతంలో "బారా ఖోలీ" అనే పేట ఉన్నది. ఆ మాటకు అర్థం పన్నెండు గదులు. పేట పేరులోనే ఒకనాటి కూలీల జీవితం దాగి ఉన్నది. దానికి సమీపంలోని బుధవారీ బజారులో తిరిగితే రైల్వే ఉద్యోగుల బిలాస్‌పూర్ ఎలా ఉంటుందో ఇప్పటికీ కంటికి కడుతుంది.

తెలుగువారు ఇక్కడికి చేరిన దారి కూడా రైలుదారే. 1902లో వాల్తేరు నుండి ఉత్తరంగా సాగే తూర్పుతీరపు మార్గం బి.ఎన్.ఆర్. అధీనంలోకి వచ్చింది. వానలు తప్పిన ఏడు పంట లేదు, పంట లేని ఏడు గింజ లేదు. అటువంటి పల్లెలలోని యువకులకు రైల్వే కొలువు వరమయింది. ఖలాసీలుగా, ఫైర్‌మెన్లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వారు ఖరగ్‌పూర్‌కు, అక్కడినుండి కంపెనీ పంపిన ప్రతి జంక్షనుకు తరలిపోయారు. కంపెనీ కార్మికులు ఉద్యోగాల తొలగింపునకు ఎదురు నిలిచి 1920ల చివర సమ్మె చేసినప్పుడు, వారికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యులు తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి. బిలాస్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలలో మూడవతరం, నాలుగవతరం వారు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడుతారు. తెలుగు చదవడం రాని మనుమడు కూడా నాయనమ్మతో తెలుగులోనే పోట్లాడుతాడు. రైల్వే పేటలో ఏటా జరిగే సోలాపురి మాత ఉత్సవం ఈ తెలుగువారు నిలుపుకొన్న వేడుక.

ఇది దిగినవారి కథ. ఎక్కి వెళ్ళిపోయినవారి కథ వేరు.

ఛత్తీస్‌గఢ్ ధాన్యాగారమని పేరు. కాని 1896-97లోను, 1899-1900లోను వచ్చిన కరవులు ఆ ధాన్యాగారాన్ని వట్టిపోయేటట్టు చేశాయి. తెలుగు ఖలాసీని ఇక్కడికి తెచ్చిన రైలే ఛత్తీస్‌గఢీ రైతును ఇక్కడినుండి తీసుకొనిపోయింది. కొందరు అస్సాం తేయాకు తోటలకు, కొందరు ఖరగ్‌పూర్‌కు, మరికొందరు 1907 తరువాత టాటావారి ఉక్కు కర్మాగారానికి వెళ్ళారు. ఆ ఊళ్ళలో ఛత్తీస్‌గఢ్ కూలీలందరినీ "బిలాస్‌పూరీలు" అని పిలవడం పరిపాటి అయింది. ఎక్కిన స్టేషను పేరే వారి ఇంటిపేరయింది.

అటువంటి ఒక మనిషికి విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూరు చిరంజీవిత్వం ప్రసాదించారు. 1918లో వెలువడిన "పలాతకా" సంపుటిలో "ఫాంకి" అనే కథాకవిత ఉన్నది. ఫాంకి అంటే దగా. జబ్బుపడిన భార్య బీనూను గాలిమార్పు కోసం తీసుకొని వెళ్తున్న భర్త బిలాస్‌పూర్ స్టేషనులో బండి మారవలసి వస్తుంది. ఆరు గంటల నిరీక్షణ. ఆ కొద్దిసేపట్లో బీనూకు రుక్మిణి అనే స్త్రీతో స్నేహం కలుగుతుంది. ఆమె భర్త రైల్వే కూలి. ఒక నది ఒడ్డున వారికి ఏడు బిఘాల పొలం ఉండేది. కరవుకూ, జమీందారు దౌర్జన్యానికీ తాళలేక పారిపోయి వచ్చారు. కూతురి పెళ్ళికి ఇరవై అయిదు రూపాయలు కావాలి. ఆ సొమ్ము ఇచ్చి తీరాలని బీనూ భర్తను కోరుతుంది. అతడు తల ఊపి, రుక్మిణిని చాటుకు పిలిచి, ఉద్యోగం ఊడగొట్టిస్తానని బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. తన మాట నెరవేరిందన్న తృప్తితోనే రెండు నెలలకు బీనూ కన్నుమూస్తుంది.

ఒంటరిగా తిరిగి వస్తూ భర్త మళ్ళీ బిలాస్‌పూర్‌లో దిగుతాడు. ఆ ఇరవై అయిదు రూపాయలూ ఇచ్చివేసి భార్యపట్ల చేసిన దగాను కడుక్కోవాలని ఆతని ఆరాటం. రుక్మిణి ఎవరో స్టేషనులో చాలామందికి తెలియదు. చివరకు ఒకరు గుర్తుచేసుకొంటారు. ఆ దంపతులు ఎక్కడికో వెళ్ళిపోయారట. డార్జిలింగో, అరకానో, ఎవరికీ తెలియదు. బాకీ తీరదు.

ఈ కథ మహాకవి సొంత జీవితంలో జరిగినదేనని బిలాస్‌పూర్‌లో చాలామంది నమ్ముతారు. నిజానికి అది కవిత. అందులోని భర్త కవి కల్పించిన పాత్ర. అయినా ఆ నమ్మకం వెనుక ఒక సత్యం ఉన్నది. పేరు తెలియకుండా ఈ ప్లాట్‌ఫారాల మీదుగా వెళ్ళిపోయినవారు వేలకు వేలు. స్టేషనులో ఈ కవితను స్మరిస్తూ ఒక ఫలకాన్ని నెలకొల్పారు. అమృత్ భారత్ పథకం కింద కొత్తరూపు దిద్దుకొంటున్న ఈ స్టేషనుకు వచ్చే యాత్రికుడు ఒక్క క్షణం ఆగి ఆ ఫలకం చూడడం మంచిది. పోర్టికోలు, తోరణాలు ఎంత పాతవైనా కట్టినవారి గొప్పనే చెబుతాయి. మోసినవారిని తలచేది ఆ ఒక్క ఫలకమే.

ఈ పొడినేల రేవును అసలైన రేవుతో కలిపింది కూడా బి.ఎన్.ఆర్. కంపెనీయే. రాయపూర్ నుండి తూర్పు కనుమలను చీల్చుకొని విజయనగరం చేరే మార్గం 1931 నాటికి పూర్తయింది. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే ఓడ విశాఖపట్నం నూతన హార్బరులోకి ప్రవేశించింది. మధ్య పరగణాల సరుకుకు సముద్రద్వారం తెరుచుకుంది. విశాఖ రేవు వాకిలి అయితే, ఛత్తీస్‌గఢ్ జంక్షనులు దాని పెరటి గదులయ్యాయి.

తరువాత కంపెనీ పోయింది. 1944లో ప్రభుత్వం బి.ఎన్.ఆర్.ను స్వాధీనం చేసుకొన్నది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003లో బిలాస్‌పూర్ ముఖ్యకేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే అవతరించింది. ఆగ్నేయ బొగ్గు గనుల సంస్థ ప్రధాన కార్యాలయం, 2000లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి హైకోర్టు కూడా ఇక్కడే ఉన్నాయి. పగలూ రాత్రీ కోర్బా గనుల నుండి బొగ్గు వస్తూనే ఉంటుంది. ఒక్కొక్క గూడ్సు బండికి సుమారు 58 వ్యాగన్లు, అందులో దాదాపు నాలుగువేల టన్నుల బొగ్గు. ఓవర్‌బ్రిడ్జి మీద నిలబడి అవి కదిలిపోవడం చూస్తుంటే, ఏదో దూరనగరంలో వెలిగే దీపం ఇక్కడినుండే బయలుదేరుతున్నదనిపిస్తుంది.

ఇంతకూ బిలాసా నది ఏమయింది? ఎండవేళ తగ్గిన తరువాత జూనా బిలాస్‌పూర్ సందులలోనుండి నడిచి అర్పా ఒడ్డుకు చేరాలి. పెండ్రా కొండలలో పుట్టి శివనాథ్ నదిలో కలిసే ఈ నదిలో వానకాలం తప్ప పారే నీరు అరుదు. ఇసుకను తవ్వి తరలించినవారు గుంటలు మిగిల్చారు. 2023లో సేంద్రి దగ్గర ఆ గుంటలలో పడి పిల్లలు ప్రాణాలు కోల్పోగా హైకోర్టు తానుగా విచారణకు పూనుకొన్నది. నగరంలో నీరు నిలిపేందుకు పచ్రీఘాట్, శివఘాట్‌ల వద్ద ఆనకట్టలు కట్టారు, గట్ల వెంట రోడ్లు వేశారు. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతంగా ప్రకటించిన పాట ఈ నది పేరుతోనే మొదలవుతుంది. పాటలో పారినట్టు నేలమీద కూడా పారేటట్టు చేయడం ఊరి వంతు. పడవలు నడిపిన స్త్రీ పేరు పెట్టుకొన్న నగరం ఆమె నదికి పడిన బాకీ అది.

అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఇక్కడి వాతావరణం యాత్రకు అనుకూలం. రెండు రోజులు చాలును. ఒక రోజు రతన్‌పూర్‌కు, మనియారి నది ఒడ్డున తాలా గ్రామంలో బయల్పడిన విచిత్రమైన రుద్రశివ విగ్రహానికి కేటాయించవచ్చు. జంతువుల రూపాలే అవయవాలుగా మలచిన ఆ శిల్పం వంటిది మరొకటి లేదు. రెండవ రోజు ఊరికోసమే ఉంచుకోవాలి.

సాయంకాలం విశాఖ వెళ్ళే బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. పండుగకు సొంత ఊరికి పోయే తెలుగు కుటుంబం పెట్టెలు సర్దుకొంటుంది. ప్రక్క ప్లాట్‌ఫారం మీద, మూటలపై పిల్లలను కూర్చోబెట్టుకొని, ఉత్తరాది ఇటుకబట్టీల పనికి పోయే ఛత్తీస్‌గఢీ కుటుంబం మరొక బండి కోసం చూస్తుంటుంది. వాళ్ళ పేర్లు ఎవరూ అడగరు. నూరేళ్ళ క్రితం రుక్మిణి కూడా బహుశా ఇలాగే వెళ్ళి ఉంటుంది. గంట మ్రోగుతుంది, రెండు బండ్లూ చెరొక దిక్కుకు కదులుతాయి. రేవు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.