షాంపేన్ పాట, గేటు బయటి డప్పు

ఇంగ్లండులో ఈలింగ్ స్టూడియో వాళ్లు 1944లో తీసిన 'షాంపేన్ చార్లీ' అనే నవ్వుల సినిమాను మా బిడ్డ పెట్టి చూపించింది. తీసిన కావల్కాంటి బ్రెజిల్ మనిషి. పల్లె నుంచి లండన్‌కొచ్చిన జో సాండర్స్ అనే పేదోడు సారా దుకాణాల్లో పాడుకుంట పాడుకుంట, జార్జ్ లేబర్న్ అనే పేరుతో 1860ల నాటి మ్యూజిక్ హాల్‌కు రారాజయితడు. ఆ వేషం టామీ ట్రిండర్ కట్టిండు. పోటీ పాటగాడు వాన్స్‌గా స్టాన్లీ హాలోవే. ఒకడు బీరు మీద పాట కడితే ఇంకొకడు జిన్ను మీద కడతడు. కడుపుబ్బ నవ్విన.

నవ్వు నడుమ ఒక ముచ్చట ముల్లోలె గుచ్చుకుంది. నాటకశాలల యజమానులు ఒక్కటై మ్యూజిక్ హాళ్లను మూయించాలని చూస్తరు. 1843 నాటి చట్టమే గీత గీసి పెట్టింది: మద్యం అమ్మే హాల్లో నాటకం ఆడొద్దు. కూలోళ్లు తాగుకుంట, కోరస్ అందుకుంట చూసే ఆట వేరు, దొరలు చూసే కళ వేరు.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిని ఊరేగించుకొచ్చేటందుకు మా అయ్యను పిలిచిన్రు. గేటు దాకా డప్పు కొట్టించిన్రు. "ఇగ సాలు, లోపల సాంస్కృతిక కార్యక్రమాలున్నయ్" అన్నరు. అయ్య బయట యాపచెట్టు కింద కూసున్నడు. సాంస్కృతికం అనే మాటకు అర్థం నాకు ఆనాడే తెలిసింది.

జో పేరు మార్చుకుని గేటు దాటిండు. మా అయ్య పేరు మార్చుకున్నా చేతిల డప్పు చూసి కులం చెప్పేస్తరు గదా!

అయితే దాటినోని గతి కూడా చూడాలె. అసలు లేబర్న్ 1842లో గేట్స్‌హెడ్‌ల పుట్టిండు. 'షాంపేన్ చార్లీ' పాట 1866 నాటిది. అది ఊరూరా మోగినంక, 1868లో హాలు యజమాని అతనితోని ఒప్పందం రాయించుకున్నడు. నాలుగు గుర్రాల బండి మీద తిరగాలె, నలుగురి ముందర షాంపేనే తాగాలె. వేదిక దిగినంక కూడా వేషం దిగొద్దు. 1884లో, 42 ఏండ్లకే, చేతిల పైస లేకుంట సచ్చిపోయిండు. సినిమా ఆ దాకా పోదు, గెలుపు కాడనే ఆగుతది.

హాళ్లు మూతపడకుంట బతికినయ్. టికెట్ పైసలు, మద్యం పైసలు యజమానులకు మిగిలినయ్. పాడినోనికి చప్పట్లు మిగిలినయ్. ఇయ్యాల మన డప్పును వేదికల మీదికి పిలుస్తున్నరు, మంచిదే. పిలిచేది ఎవరు, పైస ఎవరికి పోతున్నది, మైకు ఎవరి చేతిల ఉన్నది? దరువు ఎత్తుకునే ముందే అడగాలె తమ్ముడూ.