వాట్లు కాదు, మాటలు వినపడాలి

టీవీలు ఏటా సన్నబడుతున్నాయి. స్క్రీన్ 43 నుంచి 55 అంగుళాలకు పెరిగింది, మందం మాత్రం వేలెడంత అయిపోయింది. ఆ సన్నదనానికి బలైంది సౌండే. ముందువైపు చోటు లేక చాలా టీవీల్లో స్పీకర్లని కిందికో, వెనక గోడ వైపుకో తిప్పి పెడుతున్నారు. అందుకే ఓటీటీలో సినిమా పెడితే పాటకి ఇల్లు అదురుతుంది. హీరో తల్లితో మాట్లాడేటప్పుడు మాత్రం పెదాలు కదలడమే కనిపిస్తుంది. రిమోట్ పట్టుకుని వాల్యూమ్ పెంచడం, తగ్గించడం... మీ ఇంట్లోనూ ఇదే గోల అయ్యుంటుంది.

మా ఇంట్లో ఈ గోల వల్ల మా నాన్న సినిమాలు చూడటమే మానేశారు. మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు మిషన్ల పక్కన పనిచేసి, రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చారు. మొదట్లో "ఏమన్నడు?" అని అమ్మని అడిగేవారు. అమ్మ చెప్పేలోపు తర్వాతి డైలాగ్ వెళ్లిపోయేది. కొన్నాళ్లకి అడగడం మానేశారు. ఆ తర్వాత హాల్లోకి రావడమే మానేసి, బాల్కనీలో ఫోన్ పట్టుకుని కూర్చునేవారు. "ఇవేం సినిమాలురా, ఒక్కడు నోరు తెరిచి మాట్లాడడు" అనేది ఆయన వాదన.

వినికిడి పరీక్ష చేయిస్తే గ్రాఫ్‌లో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి పడిపోయి ఉంది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్లకి సాధారణంగా ముందు దెబ్బ తినేది ఆ చుట్టుపక్కలే. మన మాటల్లో అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, ష, ఫ, త లాంటి హల్లుల పదును పైన ఉంటుంది. అంటే నాన్నకి గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకోమన్నారు డాక్టర్. "నేనింక అంత ముసలోణ్ణి కాలె" అన్నారు నాన్న.

ఆయన ఒప్పుకునేలోపు కనీసం హాలు సంగతి చూద్దామనుకున్నా. బడ్జెట్ 50 వేలు. అదీ ఏసీ కోసం దాచిన డబ్బు. కాబట్టి మా ఆవిడకి ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి.

సౌండ్‌బార్ ఎందుకు కాదు?

అందరూ చెప్పేది అదే. చిన్న గదికి, తక్కువ వైర్లకి సౌండ్‌బార్ మంచిదే. కానీ 5.1 మిక్స్‌లో ఒక రహస్యం ఉంది. డైలాగుల్లో ఎక్కువ భాగం మధ్య స్పీకర్‌కే, అంటే సెంటర్ ఛానల్‌కే ఇస్తారు. పాటలు, ఫైట్ల మోత పక్క స్పీకర్లకి, సబ్‌వూఫర్‌కి పోతాయి. ఆ మధ్య స్పీకర్‌ని మాత్రమే పెంచగలిగితే మోత పెరగకుండా మాట పెరుగుతుంది. మాకు కావాల్సింది సరిగ్గా అదే. తక్కువ ధర సౌండ్‌బార్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు. ఏవీ రిసీవర్‌లో ఒక్కో స్పీకర్‌ని విడిగా డెసిబెల్ లెక్కన పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంకో లాభం, ఈ ఏడాది మూడు స్పీకర్లతో మొదలుపెట్టి వచ్చే ఏడాది మిగతావి చేర్చుకోవచ్చు.

వాట్ల మాయ

షాపులో మొదట వినిపించే మాట, "వెయ్యి వాట్లు సార్!" ఇది బండికి కంపెనీ చెప్పే మైలేజీ లాంటిది. కొన్ని కంపెనీలు ఒక్క స్పీకర్‌నే నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క శబ్దంతోనే కొలుస్తాయి. శబ్దం చిట్లిపోయినా పర్లేదన్నట్టు 10 శాతం డిస్టార్షన్ దాకా వెళ్లి ఆ అంకె వేసేవాళ్లూ ఉన్నారు. మీరు స్పెక్ షీట్‌లో వెతకాల్సిన లైన్ వేరు: 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు నడుస్తుండగా, డిస్టార్షన్ ఒక శాతం లోపు. ఆ లెక్కలో 70 వాట్లున్న రిసీవర్, ఇంకో లెక్కలో 140 అని రాసుకున్నదానికి ఏమాత్రం తీసిపోకపోవచ్చు.

అసలు ఎన్ని వాట్లు కావాలి? లెక్క వేసి చూశా. స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అంటే, ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో 88 వినిపిస్తుంది. మా సోఫా మూడు మీటర్ల దూరం. తగ్గింది పోను సుమారు 80 మిగులుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర. అంటే రాత్రి సినిమా చూసేటప్పుడు ఎక్కువసేపు ఖర్చయ్యేది ఒక వాట్ లోపే! పెద్ద పెద్ద మోతలు వచ్చిన క్షణాల్లోనే మిగతా వాట్ల అవసరం. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఆ తేడా కోసం ఇంకో పదివేలు పెట్టక్కర్లేదని మా ఆవిడ నాకన్నా ముందే తేల్చేసింది.

అట్మాస్ లోగో, హెచ్‌డీఎంఐ నంబర్లు

డాల్బీ అట్మాస్ బాగుంటుంది. కానీ దాని అసలు మజా పైనుంచి వచ్చే శబ్దంలో ఉంది. అద్దె ఫ్లాట్‌లో స్లాబ్‌కి రంధ్రాలు పెడతానంటే ఓనర్ ఊరుకుంటారా? అట్మాస్ సినిమా మామూలు 5.1 రిసీవర్‌లో మోగదనే భయం వద్దు. ఎత్తు సంగతి వదిలేసి 5.1గా వినిపిస్తుంది. కాబట్టి ఐదు ఛానళ్లు చాలు.

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నేను ఎక్కువ టైమ్ పెట్టింది కనెక్షన్ల మీద. మేం చూసేదంతా టీవీలోని యాప్‌లలోనే. అప్పుడు బొమ్మ రిసీవర్ గుండా వెళ్లక్కర్లేదు. టీవీ నుంచి ఒక్క హెచ్‌డీఎంఐ కేబుల్‌తో, ఆర్క్ అనే పోర్ట్ ద్వారా సౌండ్ మాత్రం రిసీవర్‌కి వస్తుంది. ఓటీటీ సౌండ్‌కి ఆర్క్ సరిపోతుంది. బ్లూ-రే డిస్కుల్లో ఉండే లాస్‌లెస్ సౌండ్‌ని టీవీ మీదుగా తెచ్చుకోవాలంటేనే ఈఆర్క్ కావాలి. ఇది అర్థమైతే డబ్బు మిగులుతుంది. 4కే, 8కే స్టిక్కర్లు లేని పాత రిసీవర్ అయినా ఆర్క్ ఉంటే మనకి పనికొస్తుంది. గేమింగ్ కన్సోల్‌ని నేరుగా రిసీవర్‌కే పెడతానంటే మాత్రం కొత్త హెచ్‌డీఎంఐ చూసుకోవాల్సిందే.

ఇంకో సంగతి, సీఈసీ. ఇది ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే రిసీవర్ వెలుగుతుంది, వాల్యూమ్ కూడా కదులుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది అట్మాస్ కన్నా ముఖ్యం. రెండో రిమోట్ వచ్చిందంటే నాన్న మళ్లీ బాల్కనీలోకే!

"అమెరికాలో చవక, బావని తెమ్మను" అని సలహా ఇచ్చేవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. అక్కడ అమ్మే రిసీవర్లు సాధారణంగా 120 వోల్ట్‌లవి. మన 230 వోల్ట్‌ల ప్లగ్‌లో నేరుగా పెడితే పొగ వస్తుంది. వెనక ఏం రాసుందో చూడకుండా బావకి డబ్బులు పంపకండి.

చివరికి ఏం కొన్నా?

వాడిన యమహా 5.1 రిసీవర్, 15 వేలకి. కొనే ముందు ఐదు ఛానళ్లూ ఒక్కొక్కటిగా మోగించి, ఆర్క్ పనిచేస్తుందో లేదో చూసి, గది కొలిచే మైక్ డబ్బాలో ఉందని ఖాయం చేసుకున్నా. ఎడమ, కుడి, మధ్య మూడు స్పీకర్లకి 22 వేలు. కోఠి గుజరాతీ గల్లీలో 16 గేజ్ రాగి వైరు. మిగిలిన దాంట్లో ఒక మందపాటి కార్పెట్, కర్టెన్లు. నవ్వకండి, మా హాల్లో నేలంతా విట్రిఫైడ్ టైల్స్, ఒక గోడంతా అద్దం. మాట ప్రతిసారీ రెండుసార్లు తగిలేది. పైమోడల్ రిసీవర్ కన్నా ఆ కార్పెట్టే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. సబ్‌వూఫర్ వచ్చే దసరాకి.

ఆ మైక్‌ని నాన్న కూర్చునే చోట, ఆయన చెవి ఎత్తులో పెట్టి కొలిపించా. యమహాలో దీన్ని వైపీఏఓ అంటారు, డెనాన్‌లో ఆడిస్సీ. స్పీకర్ల దూరాలు, స్థాయిలు అదే సర్దుకుంటుంది. ఆ తర్వాత సెంటర్‌ని చేత్తో 4 డెసిబెల్స్ పెంచా. రాత్రిపూట పెద్ద శబ్దాలని తొక్కి చిన్నవాటిని పైకి లేపే సెట్టింగ్ కూడా ఆన్ చేశా.

నాన్న ఇప్పుడు హాల్లోనే కూర్చుంటున్నారు. అన్ని మాటలూ అందుతున్నాయని చెప్పను. గుసగుసలు ఇప్పటికీ అందవు, సబ్‌టైటిల్స్ ఆన్‌లోనే ఉంటాయి. రిసీవర్ చెవిని బాగుచేయదు. కానీ మొన్న డైలాగ్ సగంలో అమ్మ మాట్లాడబోతే "ఆగు, ఇననియ్యి" అన్నారు. హియరింగ్ ఎయిడ్ సంగతి మళ్లీ ఎత్తితే ఈసారి కోప్పడలేదు, "ఎంతైతదంట?" అని అడిగారు.

మీరు కొనడానికి వెళ్తే, షాపువాళ్లు తప్పకుండా ఫైట్ సీన్ వేసి చూపిస్తారు. దానికి ఏ బాక్సయినా అదురుతుంది. ఇద్దరు కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకునే సీన్ వేయమనండి. ఇంట్లో అందరికన్నా తక్కువ వినిపించే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు సరేనన్నదే కొనండి.