రిపేరు అనే మాట



ఈ వారం మైకు గురించి రాస్తాను. మన ఊళ్ళలో నోటి ముందు పెట్టుకునేదాన్నీ మైకే అంటాం, వేపచెట్టుకో చర్చి మీదో గుడి మీదో కట్టే బాకానూ మైకే అంటాం. నేను రాస్తున్నది ఆ బాకా గురించి. దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు జపాన్‌లో, కొరియాలో, యూరప్‌లో, అమెరికాలో ఉన్నారు. తొంభై, వందేళ్ళ నాటి బాకాలను వెతికి, కొని, విప్పి, మళ్ళీ పాడించడమే వాళ్ళ వ్యసనం.

వాళ్ళు దేవుడిలా చూసుకునే వస్తువు వెస్టరన్ ఎలక్ట్రిక్ 555. 1926 నాటిది. బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు వెంటీ, థురాస్ తయారుచేశారు. మన మైకుసెట్టువాళ్ళ భాషలో చెప్పాలంటే అదొక యూనిట్టు. లోపల పల్చటి అల్యూమినియం పొర, దానికి తీగచుట్ట. వెనక ఇప్పటిలాంటి శాశ్వత అయస్కాంతం ఉండదు. పెద్ద రాగి చుట్టలోకి కరెంటు పంపితేనే అది అయస్కాంతమవుతుంది. ఆ యూనిట్టును నత్తగుల్లలా మెలికలు తిరిగిన చెక్క బాకాకు బిగించేవాళ్ళు. 15ఎ అనే బాకా మూతిలో మనిషి ముడుచుకుని కూర్చోవచ్చు.

బాకా చేసే పని చిన్నది. పొర కదిలినప్పుడు దాని ముందు గాలి ఊరికే పక్కకు జారిపోతుంది. సన్నటి గొంతుతో మొదలై మెల్లగా విచ్చుకునే దారి కడితే గాలి జారిపోకుండా పట్టు దొరుకుతుంది. మామూలు స్పీకరు తనకిచ్చిన కరెంటులో నూటికి ఒకటి రెండు వంతులనే శబ్దంగా మారుస్తుంది. మంచి బాకా పాతిక వంతుల పైనే మార్చగలదు. అందుకే ఆ రోజుల్లో పదీ పదిహేను వాట్లతో సినిమా హాలు నిండిపోయేది. ఉన్న కాస్త బలాన్ని వృథా పోనివ్వకుండా దూరం చేర్చడమే బాకా తెలివి.

ఆ బాకాల్లోంచే అమెరికా టాకీలను విన్నది. 1927 అక్టోబరు 6న విడుదలైన 'ద జాజ్ సింగర్' ఆ యుగాన్ని తెచ్చిన సినిమా. అందులో కథానాయకుడు అల్ జోల్సన్ తెల్లవాడు. ముఖానికి నల్లరంగు పూసుకుని పాడాడు. అదే కాలంలో అమెరికా దక్షిణాది హాళ్ళలో నల్లవాళ్ళు పై బాల్కనీలో కూర్చోవాలి, లేదా తమకు వేరుగా ఉన్న హాలుకు పోవాలి. శబ్దం హాలంతా సమానంగా పరుచుకునేది, కుర్చీలు మాత్రం కాదు. పాత బాకా వెచ్చదనం గురించి మురిసిపోయే రాతల్లో ఈ ముక్క అరుదుగా కనిపిస్తుంది.

వెస్టరన్ ఎలక్ట్రిక్ ఈ సామాను హాళ్ళకు అమ్మకుండా అద్దెకిచ్చేది. కొత్తవి వచ్చాక పాతవాటిలో చాలా భాగం తుక్కులో కలిసింది. మిగిలినవాటిని వెతికి కొనుక్కుపోయినవాళ్ళలో జపాన్ అభిమానులు ముందున్నారు. కొరియాకు చెందిన సిల్బాటోన్ సంస్థ మ్యూనిక్ ఆడియో ప్రదర్శనకు ఈ పాత బాకాలను తీసుకెళ్ళి జనానికి వినిపించింది. జపాన్, చైనాలలో 555కు నకళ్ళు కూడా తయారయ్యాయి. ఈ అభిమానులు కాలిన చుట్టను మళ్ళీ చుడతారు, చిరిగిన పొర మారుస్తారు, పగిలిన చెక్కను అతుకుతారు. ఓపికగా, ప్రేమగా చేస్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, గౌరవమే ఉంది. ఆ పనిని వాళ్ళు రెస్టొరేషన్ అంటారు.

మా చిన్నాయన ముప్పై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. దాన్ని రిపేరు అంటారు.

మండల కేంద్రంలో మైకుసెట్టు షాపులో కూర్చుంటాడు. సొంత షాపు కాదు, జీతానికి. కాలిపోయిన అహూజా యూనిట్టు వస్తే విప్పి, కొత్త డయాఫ్రం వేసి, తీగచుట్ట ఎక్కడా ఒరుసుకోకుండా సన్నటి కాగితం ముక్కలు పెట్టి సరిచూసి, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఒకసారి ఫోనులో 555 వీడియో చూపించాను. "అయస్కాంతం లేదా? కరెంటుతో చేసుకున్నారా? అయితే మంచిదే. కాలితే మళ్ళీ చుట్టుకోవచ్చు" అన్నాడు. ధర చెబితే నవ్వి, "మరి చేసినోడికి ఎంతిచ్చారంట?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా డాక్టరేట్‌లో జవాబు లేదు. ధ్వని సిద్ధాంతం మీద ఎన్ని పేజీలైనా రాయగలను. ధ్వని పుట్టించే పొరను ఎంత బిగించాలో చెప్పలేను. చిన్నాయన చెప్పగలడు, ఎందుకంటే ఆ చేతులు మొదట డప్పు కట్టిన చేతులు. తోలు ఎంత నానాలి, చట్రానికి ఎలా లాగి కట్టాలి, సెగ ఎంతసేపు చూపిస్తే గొంతు తేరుకుంటుంది, ఇదంతా శబ్దశాస్త్రమే. మాదిగ ఇంట్లో పుట్టింది కాబట్టి దానికి శాస్త్రం అనే పేరు రాలేదు. చెయ్యి ఎవరిదన్నదాన్ని బట్టి ఒకే పనికి రెండు పేర్లు.

ఆ చెయ్యి బాగుచేసిన బాకా ఎటు చూడాలో కూడా వేరేవాళ్ళే చెప్పేవాళ్ళు. ఒక ఏప్రిల్ 14న మా పల్లెలో చెట్టుకు బాకా కట్టాం, మూతి ఊరి వైపు. మధ్యాహ్నానికల్లా ఒక పెద్దాయన వచ్చి, "ఒరేయ్, ఆ మైకు మూతి పొలాల వైపు తిప్పండ్రా" అన్నాడు. ఊళ్ళో మైకు ఏడాది పొడుగునా మా పల్లె వైపే చూస్తుంది. దాన్ని తిప్పమని మేం ఏనాడూ అడగలేదు. చిన్నాయన మాట్లాడకుండా చెట్టెక్కి తిప్పాడు. మరుసటేడు రెండు బాకాలు తెచ్చి వీపూ వీపూ ఆనించి కట్టాడు. పెద్దాయన మళ్ళీ వస్తే, "ఒకటి పొలాల వైపే ఉందయ్యా" అన్నాడు. ఆ రోజు బాబాసాహెబ్ పేరు ఊళ్ళోకి పోయింది.

బాకా రాకముందు ఊరికి మైకు మనమే. డప్పు కొట్టి చాటింపు వేసేవాళ్ళం. గొంతు మనది, మాట మునసబుది, కరణానిది. శిస్తు కట్టమన్నా, పనికి రమ్మన్నా మన నోటితోనే చెప్పించారు. ఇన్ని తరాలు ఇతరుల మాట మోసిన దండోరా 1994 జులై 7న మా ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదటిసారి సొంత మాట చెప్పింది. మాదిగ దండోరా అనే పేరులోని బరువు ఇదే. వాయిద్యం పాతదే, దానితో చెప్పే మాట మారింది.

అమెరికాలో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. 1963 ఆగస్టు 28 వాషింగ్టన్ ప్రదర్శనను నడిపిన నల్లజాతి ఉద్యమకారుడు బేయార్డ్ రస్టిన్, దొరికినవాటిలో మంచి సౌండ్ సిస్టమ్ కావాలని పట్టుబట్టాడు. వెనక ఉన్నవాళ్ళకు వినపడకపోతే అంత జనాన్ని క్రమంలో ఉంచలేమని అతని వాదన. ప్రదర్శనకు ముందు రోజు దాన్ని ఎవరో పాడుచేశారు. ప్రభుత్వం మీద ఒత్తిడి తెస్తే సైన్యం సిగ్నల్ విభాగంవాళ్ళు వచ్చి రాత్రికి రాత్రి బాగుచేశారు. మర్నాడు దాదాపు రెండున్నర లక్షల మంది మార్టిన్ లూథర్ కింగ్‌ను విన్నారు. ఆ ప్రసంగం మనందరికీ తెలుసు. ఆ రాత్రి తీగలు అతికినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు?

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ వాడలో మొదటిసారి మైకు కట్టినవాళ్ళెవరో అడగండి. ఏ ఏడాది, ఏ సందర్భం, మూతి ఎటు పెట్టారు, ఎవరు తిప్పమన్నారు, కాలిపోతే ఎవరు బాగుచేశారు, కూలి ఎంత ఇచ్చారు, అన్నీ రాసుకోండి. సభ ఫొటోలో వక్త పేరు ఉంటుంది. మైకుసెట్టు మనిషి పేరు ఉండదు. ఆ పేరు మీరు రాయండి. అదీ రెస్టొరేషనే.

జై భీమ్.