మెత్తని జోడు

ముసురు పట్టిన రోజుల్లో మన గుమ్మాల పక్కనుండే చెప్పుల స్టాండుని ఒకసారి చూడండి. హవాయి చెప్పులకు ఏ బెంగా లేదు. చెంబెడు నీళ్లు కుమ్మరిస్తే అయిపోయింది. పిల్లల నల్లబూట్లకు పాలిష్ డబ్బా ఉంది. తెల్ల కాన్వాసు బూట్లకు సబ్బూ, బ్రష్షూ చాలు. ఎటొచ్చీ, ఆ పై అరలో పాత బట్ట కప్పుకుని కూర్చున్న జోడుతోనే చిక్కంతా. ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటుంది. నీటిచుక్క పడితే మచ్చ. పాలిష్ పెడితే పాడు. నానబెట్టి ఉతికితే అట్ట. అదే స్వేడ్!

ఒకప్పుడు అమెరికా సూట్‌కేసుల్లో చాక్లెట్లతో పాటు దిగిన సరుకిది. ఇప్పుడు ఏ మాల్‌లో చూసినా కనిపిస్తోంది. కాలేజీ కుర్రాళ్లు ముచ్చటపడి కొనుక్కుంటున్నారు. మా ఇంటికి మాత్రం ఫ్యాషన్ కోసం రాలేదు. నాన్న కాళ్ల కోసం వచ్చింది.

నాన్న తణుకు దగ్గర ఓ పల్లెటూళ్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదిహేనేళ్లుగా షుగరు. కాళ్లలో స్పర్శ తగ్గింది. ఒకసారి కొత్తచెప్పు కరిచి చిటికెన వేలి పక్కన పుండు పడితే ఆయనకు నొప్పే తెలియలేదు. గచ్చు మీద మరక చూసి అమ్మ కనిపెట్టింది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ, 'వేలు ఉంటుందా...' అన్న భయం అందరి కళ్లలోనూ ఉండేది.

పుండు మానాక డాక్టరుగారు గట్టిగా చెప్పారు. "మాస్టారూ, ఇకమీదట ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగొద్దు. కరవని జోడు వేసుకోండి. వేసుకునే ముందు రోజూ లోపల చెయ్యి పెట్టి చూడండి. గులకరాయి ఉన్నా మీ కాలికి తెలియదు."

ఆ ఏడాదే, 2023లో, న్యూజెర్సీ నుంచి తమ్ముడు వస్తూ ఈ జోడు తెచ్చాడు. వేళ్ల దగ్గర వెడల్పుగా, పిల్లి ఒళ్లులా మెత్తగా, గోధుమరంగులో ఉంది. నాన్న తొడుక్కుని నాలుగడుగులు వేసి "కాలికి ఏమీ వేసుకున్నట్టే లేదురా" అన్నారు. స్పర్శ తగ్గిన మనిషి నోట ఆ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక రోజూ లోపల చెయ్యి పెట్టి చూడాలి కదా! నాన్నకు చూపు ఆనదు. వేళ్లకూ తిమ్మిర్లే. హైదరాబాదులో మా ఇంట్లోనే ఉంటున్నారు కనుక ఆ పని నేను చేస్తానన్నాను. మొదటిరోజు నేను బూటు చేతిలోకి తీసుకోగానే నాన్న గబుక్కున లాక్కున్నారు. "ఛఛ... ఆడపిల్లవి, నా చెప్పులు నువ్వు ముట్టుకోవడం ఏమిటమ్మా!"

ఆ మాటలో కోపం లేదు. సిగ్గు ఉంది. పాదుకల్ని సింహాసనం మీద పెట్టి పద్నాలుగేళ్లు రాజ్యం నడిపిన భరతుడి కథ వింటూ పెరిగినవాళ్లం మనం. అయినా, చెప్పు చేతికి తగిలితే చెయ్యి కడుక్కుంటాం. ఆ తోలుని నానబెట్టి, కోసి, కుట్టి మన పాదాలకు అమర్చినవాళ్లను ఊరి చివర ఉంచాం. నాన్న చెయ్యి వెనక్కి లాక్కున్నది ఆయన ఒక్కరి అలవాటు కాదు. చాలా పాతది.

సరే, అసలు ఈ స్వేడ్ ఎందుకింత సుకుమారం? ఫ్రెంచివాళ్లు స్వీడన్ దేశాన్ని పిలిచే పేరే ఈ తోలు పేరయింది. అక్కడి మెత్తని తోలు చేతితొడుగుల్ని 'స్వీడన్ గ్లవ్స్' అనేవారు. జంతువు తోలుకి రెండు ముఖాలుంటాయి. వెంట్రుకలుండే పైవైపు నున్నగా, గట్టిగా ఉంటుంది. మామూలు బూట్లలో బయటికి కనిపించేది అదే. మాంసం వైపుండే లోపలి ముఖాన్ని గరుకు కాగితం లాంటి దానితో రుద్ది నూగు లేపితే స్వేడ్ అవుతుంది. పైవైపునే సన్నగా రుద్దితే నుబక్. స్వేడ్‌కి నున్నని పైపొర ఉండదు కాబట్టి నీరూ, నూనే నేరుగా పీచులోకి దిగిపోతాయి. నీరు ఆరేటప్పుడు రంగునీ మురికినీ అంచుకి నెట్టుకుపోతుంది. అందుకే గుండ్రంగా మచ్చ కడుతుంది. మైనం పాలిష్ పెడితే నూగంతా అతుక్కుపోతుంది.

ఇంకో సంగతి. స్వేడ్ బూట్లలో బాగా పేరున్న 'డెజర్ట్ బూట్' 1950లో వచ్చింది. దాన్ని తెచ్చిన నేథన్ క్లార్క్ రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో సైన్యంలో ఉండగా, తోటి అధికారుల కాళ్లకు కైరో బజారులో కుట్టించుకున్న స్వేడ్ బూట్లు చూసి ముచ్చటపడ్డాడు. అంటే అది ఎడారి కాలికి పుట్టిన జోడు. దాన్ని తెచ్చి మన శ్రావణమాసంలో నడిపిస్తే అలగదూ మరి!

అలిగింది కూడా. కిందటేడు వానల్లో నాన్న పొద్దుటి నడకకు వెళ్తే, పక్కనుంచి వెళ్లిన ఆటో గుంటలోని బురదంతా ఎగజిమ్మింది. జోడు నిండా బురదే. మా వీధి చివర వేపచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బూటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాలిష్ అడగకమ్మా. గీనికి పాలిష్ పెడితే బొచ్చంత అంటుకపోతది. మట్టిని ఎండనియ్యి. ఎండినంక దులుపు. తడి మీద రుద్దితే మట్టి లోపలికి పోతది" అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. ఎవరూ చెప్పకుండానే బూటు లోపలికి చెయ్యి పోనిచ్చాడు. మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా తడిమాడు. ఒకచోట ఆగాడు. "ఈడ లోపలి బట్ట లేసింది సూడు. చిటికెన ఏలుకు గీరుకుంటది." సరిగ్గా పాత పుండు పడిన చోటు! రోజూ చెయ్యి పెట్టి చూస్తున్న నాకు రాళ్లూ రప్పలే తెలుస్తాయి. లేవబోతున్న అంచు ఆ చేతికే తెలిసింది. సొల్యూషన్ రాసి అతికించి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నడక నుంచి అరగంట ఆలస్యంగా వచ్చారు. వేపచెట్టు కింద ఆయన పక్కనే రాతి మీద కూర్చుని మాట్లాడి వచ్చారట. ఆ పూట నుంచి నేను బూటు చేతిలోకి తీసుకుంటే నాన్న లాక్కోవడం మానేశారు.

ఆ జోడుని కాపాడుకుంటూ నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

రోజువారీ దుమ్ముకి మెత్తని బ్రష్షు చాలు. కొత్త టూత్‌బ్రష్షయినా సరే. ముందు ఒకే వైపుకి దులపాలి. నల్లబడిన చోట పిల్లల తెల్ల రబ్బరు ముక్కతో, పెన్సిలు గీత చెరిపినట్టు నెమ్మదిగా రుద్దాలి. బురదైతే పెద్దాయన చెప్పిందే వేదం... ఎండాక దులపడమే.

వానలో తడిస్తే పొడిబట్టతో అద్దాలి, రుద్దకూడదు. లోపల తెల్లకాగితాలు కుక్కి, ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టాలి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది (మా పత్రికైనా సరే!). ఎండ, హెయిర్ డ్రయ్యర్, పొయ్యి పక్కన చోటు... ఏదీ పనికిరాదు. వేడికి తోలు బిరుసెక్కి పగులుతుంది. నీటిచుక్కల మచ్చలు మిగిలిపోతే తడిబట్టతో ఆ భాగమంతా ఒకేలా పల్చగా తడిపి, అద్ది, మళ్లీ ఆరనివ్వాలి.

బజ్జీల నూనె పడిందా? వెంటనే అద్ది, పైన టాల్కం పౌడరో, కార్న్‌ఫ్లోరో దట్టంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే దులపండి. ఒకసారికి పోకపోతే మళ్లీ. మొండి మరకలకు తెల్ల వెనిగర్‌లో కొద్దిగా ముంచిన బట్టతో అద్దొచ్చు. ముందు మడమ వెనక కనిపించని చోట పరీక్షించాలి. కొన్ని రంగులు దిగిపోతాయి. నూగు అణిగిపోతే వేణ్నీళ్ల ఆవిరికి కాస్త ఎడంగా పట్టి బ్రష్షు చేస్తే లేస్తుంది. ఇడ్లీగిన్నె జోలికి మాత్రం వెళ్లకండి. అమ్మ ఊరుకోదు!

బూజు పడితే ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని దులపాలి. సర్జికల్ స్పిరిట్‌లో అంతే నీళ్లు కలిపి బట్టతో అద్ది, నీడలో ఆరనివ్వాలి. నీటిని ఆపే స్ప్రేలు దొరుకుతాయి. శుభ్రంగా, పొడిగా ఉన్న జోడు మీద, ఆరుబయటే కొట్టాలి. ఆ తుంపర్లు పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. స్ప్రే కొట్టినా అది రెయిన్‌కోటు అయిపోదు. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు, నూలుసంచి మేలు. కొత్త బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఇందులో వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒకే జోడుని రోజూ వేయకూడదు. చెమట ఆరడానికి ఒకరోజు విరామం కావాలి. పైన నూగు ఎంత బాగున్నా లోపల చెమ్మ ఉంటే షుగరున్న కాలికి అది ముప్పే. వేళ్ల సందుల్లో ఫంగస్ మొదలయ్యేది ఆ చెమ్మలోనే. అందుకే నాన్నకు రెండో జోడు కొన్నాం. లోపల బూజు పట్టిన జోడైతే, ఎంత ఖరీదైనదైనా, ఎవరు తెచ్చిందైనా మమకారం పెట్టుకోకుండా పారేయాల్సిందే.

మరకల గురించి ఇంత చెప్పాను కానీ, మరక పోకపోయినా కొంప మునగదు. మా నాన్న ఎడమబూటు మీద ఆ ఆటో బురద ఛాయ ఇప్పటికీ ఉంది. లోపల ఏముందన్నదే మనం చూసుకోవాల్సింది. మీ ఇంట్లోనూ షుగరున్న పెద్దవాళ్లుంటే, రేపు పొద్దున వాళ్లు బయటికి వెళ్లే ముందు వాళ్ల జోడులో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. 'నువ్వెందుకమ్మా' అంటారు. అననివ్వండి. చూడటం మాత్రం మానకండి.