పిలుపు, సలహా: రెండూ అమానతులే

కంగ్టి మూడు రాష్ట్రాల సరిహద్దుకు చేరువలోని ఊరు. ఇక్కడి అంగడిలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే మా బంధుత్వాలు నేటికీ సరిహద్దులు దాటి సాగుతున్నాయి. పెళ్ళిళ్ళ కాలంలో ఒకే రోజుకు రెండు మూడు రుఖాలు అందుతాయి. ఎవరి పిలుపును మన్నించాలి, వెళ్ళలేనప్పుడు ఎలా చెప్పాలి, అడిగినవారికి ఏమని సలహా ఇవ్వాలి అన్నవి మాకు చిన్న విషయాలుగా తోచవు. బంధుత్వాలు నిలిచేదీ, తెగేదీ వీటి దగ్గరే.

ఒక ముస్లిముపై మరొక ముస్లిముకు ఆరు హక్కులున్నాయని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పిలిస్తే వెళ్ళడం, సలహా కోరితే మేలుకోరి సలహా ఇవ్వడం ఆ ఆరింటిలోనివే. అంటే ఇవి కేవలం మర్యాదలు కావు, తోటివారి హక్కులు.

ఒక ఆదివారం మాకు రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి నారాయణఖేడ్‌లో జరిగే ఘనమైన వివాహం. రెండవది మా వాడలోని తాపీ మేస్త్రీ ఇంట అఖీఖా. మేస్త్రీ తానే గడప దాకా వచ్చి, ముందుగా పిలిచాడు. మేము ఆయన ఇంటికే వెళ్ళాము. పెళ్ళివారికి మూడు రోజుల ముందే ఫోను చేసి, శుభాకాంక్షలు తెలిపి, రాలేమని చెప్పాము. జంతువు కాలిగిట్ట వండి పిలిచినా వెళతానన్న ప్రవక్త (స) మాటను బుఖారీ గ్రంథం భద్రపరిచింది. సంపన్నులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం అతి చెడ్డదన్న హెచ్చరిక కూడా హదీసులలో ఉంది. పిలిచేవారికి వర్తించే ఈ నీతి, వెళ్ళేవారికి మాత్రం వర్తించదా?

రానని చెప్పడానికి మొహమాటపడి చాలామంది "ఇన్షా అల్లాహ్, చూద్దాం" అంటారు. అల్లాహ్ తలిస్తే తప్పక చేస్తానన్న సంకల్పానికి వాడవలసిన మాటను తప్పించుకోవడానికి వాడటం తగదు. ఆ మాట నమ్మి అవతలి ఇల్లాలు పది మందికి అదనంగా బియ్యం కడుగుతుంది. వెళ్ళలేమని ముందే స్పష్టంగా, మృదువుగా చెప్పడమే ఆమెకు మనం చేసే మేలు.

పిలిచినంతమందే వెళ్ళడమూ మర్యాదే. ఒక అన్సారీ సహచరుడు ప్రవక్త (స)తో కలిపి అయిదుగురిని భోజనానికి పిలిచినప్పుడు మరొకరు వెంట వచ్చారు. ప్రవక్త (స) గడప వద్దే ఆ సంగతి చెప్పి, అనుమతించే నిర్ణయాన్ని గృహస్థునికే వదిలారు. భోజనం ముగిశాక కబుర్లతో కూర్చోకుండా లేచి వెళ్ళాలని అహ్‌జాబ్ సూరా 53వ ఆయత్ బోధిస్తోంది. మా హిందూ ఇరుగుపొరుగు పెళ్ళికి పిలిచినప్పుడు మేము ఏమి తినమో ముందే వినయంగా చెబుతాము. వారు మా ఇంటికి వస్తే శాకాహారులకు వేరే పాత్రలలో వండుతాము. ఇంతవరకు ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

ఇక సలహా. మా దూరపు బంధువొకరు కూతురి పెళ్ళిలో వరుని తరఫువారి విందు కోసం పొలం తాకట్టు పెట్టాలనుకున్నారు. రుఖాలు అచ్చయ్యాక నలుగురిలో "ఇంత ఖర్చెందుకు?" అంటే అది సలహా కాదు, ఎత్తిపొడుపు. సంబంధం మాటల్లో ఉండగానే మా ఇంటి పెద్దలు ఆయనను ఒంటరిగా కలిశారు. వలీమా వరుని బాధ్యత అని, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వమని ప్రవక్త (స) చెప్పారని గుర్తుచేశారు. సఫియ్యా (రజి)తో జరిగిన ప్రవక్త (స) వలీమాలో ఖర్జూరం, పనీరు, నెయ్యి మాత్రమే వడ్డించిన సంగతి చెప్పారు. ఆ పైన, వియ్యంకులతో తామే మాట్లాడతామన్నారు. మాట్లాడారు కూడా. వియ్యంకులు ఒప్పుకున్నారు. పొలం తాకట్టుకు పోలేదు.

సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ సలహాను పాటించేవారి భారంలో కొంత మోయగలిగితేనే దానికి విలువ. మన మాట వినకపోయినా మనసులో కినుక పెట్టుకోకుండా, వారి పెళ్ళికి వెళ్ళి వధూవరులకు దుఆ చేసి రావాలి. సలహా ఇవ్వడం వరకే మన బాధ్యత. హృదయాలను మార్చేది అల్లాహ్ మాత్రమే.